రాళ్ళకాలువ సాక్ష్యం: దక్షిణ రాయలసీమ రాతియుగం, దాని మీద నడిచిన వాదాలు

రేణిగుంట అనగానే తిరుపతి యాత్రికులు బండి మారే రైలు జంక్షన్ గుర్తొస్తుంది. ప్రాక్చరిత్ర చదివినవాళ్ళకు ఈ ఊరు ఇంకో కారణంగా తెలుసు. 1960ల్లో దీని పరిసరాల్లో, స్వర్ణముఖి పరీవాహకంలోని రాళ్ళకాలువ ప్రాంతంలో ఎం.ఎల్.కె. మూర్తి వెతికి తీసిన రాతి పనిముట్లు, భారతదేశానికి ఎగువ ప్రాచీన శిలాయుగం ఉందా లేదా అని దశాబ్దాల పాటు సాగిన వాదాన్ని మలుపు తిప్పాయి. ఆ పనిముట్ల గురించి పండితులు చాలానే రాశారు. నేలమీద పడి ఉన్న రాయి ఎప్పుడు సాక్ష్యం అవుతుంది, ఎవరు చూస్తే అవుతుంది, ఎవరు చూసినా ఎందుకు లెక్కలోకి రాదు అన్నది మాత్రం తక్కువగా చర్చించారు. ఆ సంగతి చెప్పుకోవాలంటే చిత్తూరు పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రంగా ఉన్న రోజులకు వెళ్ళాలి.

1863 మే 30న మద్రాసు దగ్గరి పల్లావరంలో ఒక కంకర గుంతలో రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు ఒక చేతిగొడ్డలి దొరికింది. ఆయన పురావస్తు పండితుడు కాడు. 1858లో భారత భూగర్భ సర్వేలో చేరిన ఉద్యోగి; రాతిపొరలకు పటాలు గీయడం ఆయన పని. అయితే అంతకు నాలుగేళ్ళ ముందే, 1859లో, ఫ్రాన్సులోని సోమ్ నది కంకరలో దొరికిన చెక్కుడు రాళ్ళు నిజంగా అంతరించిన జంతువుల కాలం నాటి మనిషి చేసినవేనని ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఒప్పుకున్నారు. ఆ వార్త విన్న కళ్ళతో చూశాడు గనుకనే ఫుట్‌కు పల్లావరం రాయి రాయిగా కాక పనిముట్టుగా కనిపించింది. అదే ఏడు సెప్టెంబరులో సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి కొర్తలయార్ లోయలో అత్తిరంపాక్కం దగ్గర ఇంకా ఎన్నో పనిముట్లు చూశాడు. తర్వాత మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ఆయన అచ్చువేసిన వ్యాసం పేరులోనే మద్రాసు, ఉత్తర ఆర్కాటు జిల్లాలు రెండూ ఉన్నాయి. పాలారుకు ఉత్తరాన ఉన్న ఈ నేల భూగర్భ నిర్మాణం మీద ఆయన రాసిన గ్రంథం 1873లో వెలువడింది. సత్యవేడు వైపు సాగే గుట్టలు, నగరి కొండలు ఆయన నడిచిన దారిలోనివి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికి ఈ ప్రాంతపు రాతియుగానికి యాభై ఏళ్ళకు దగ్గరగా చరిత్ర ఉంది, జిల్లాకు మాత్రం లేదు.

చెక్కిన రాయిని పోల్చడం ఎలాగో కొంచెం చెప్పాలి, ఎందుకంటే తర్వాతి తగాదాలన్నీ ఈ చూపు మీదే నడిచాయి. ఈ ప్రాంతపు ముడిసరుకు క్వార్ట్జైట్: కడప శ్రేణి కొండలది, గట్టిది, సన్నని రేణువులది. ఏటి ఒరిపిడికి నునుపెక్కిన గుండ్రాయిని మరో రాతితో అంచు దగ్గర కొడితే పెచ్చు లేస్తుంది. దెబ్బ తగిలిన చోట, పెచ్చు లోపలి ముఖం మీద చిన్న ఉబ్బు ఏర్పడుతుంది. అక్కణ్ణుంచి గీతలు వలయాలుగా విస్తరిస్తాయి. వాగులో దొర్లి పగిలిన రాయికి దెబ్బలు అడ్డదిడ్డంగా ఉంటాయి. మనిషి కొట్టిన రాయికి దెబ్బలు ఒక అంచు వెంబడి వరుసగా పడతాయి, ఒక ముఖం నుంచి, తర్వాత రెండో ముఖం నుంచి. పుస్తకంలో చదివితే ఇది సులువు. ఎండలో, ముళ్ళకంపల మధ్య, వేల గులకరాళ్ళలో ఒకటి ఏరేటప్పుడు కన్ను పండాలి. కన్ను పండిందని మరొకరు నమ్మాలి కూడా. క్షేత్రశాస్త్రంలో చిక్కు ఇక్కడే. ప్రయోగశాలలో జరిగినదాన్ని మరో ప్రయోగశాలలో మళ్ళీ చేసి చూడవచ్చు. పొరలోంచి ఒకసారి తీసిన రాయిని తిరిగి అదే పొరలో పెట్టి చూడలేం. అందుకే చూసినవాడి మాట మీద, రాసుకున్న పుస్తకం మీద, భద్రపరిచిన వస్తువు మీద శాస్త్రం ఆధారపడుతుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా ఏమవుతుందో ఫుట్ జీవితంలోని రెండో ఘట్టం చూపిస్తుంది.

కర్నూలు ప్రాంతంలో, బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు ఉన్నాయి. 1840లలోనే న్యూబోల్డ్ అనే సైనికాధికారి వాటిలో శిలాజ ఎముకలు చూశాడు. నలభై ఏళ్ళ తర్వాత మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్, ఇంగ్లండు జీవశాస్త్రవేత్త హక్స్లీ సూచనను మనసులో పెట్టుకుని, ఈ గుహలు తవ్వించాలని సంకల్పించాడు. పని ఫుట్‌కు పడింది. 1884లో మొదలైన తవ్వకాన్ని ఆయన కుమారుడు, సైన్యంలో లెఫ్టినెంటు హెన్రీ ఫుట్ కొనసాగించాడు. ఎన్నో జంతువుల ఎముకలు బయటపడ్డాయి. వాటిని శిలాజ శాస్త్రజ్ఞుడు లైడెకర్ గుర్తించాడు. కొన్ని ఎముకల మీద కోత గుర్తులు, చెక్కిన మొనలు ఉన్నాయని, అవి ఫ్రాన్సులోని ఎగువ ప్రాచీన శిలాయుగపు మాగ్దలేనియన్ గుహల ఎముక పనిముట్లను పోలి ఉన్నాయని ఫుట్ రాశాడు. ఇది చాలా పెద్ద మాట. కానీ ఆ గుహల్లో రాతి పనిముట్లు దొరకలేదు. దానికి తోడు ఆ ఎముక పనిముట్లు తర్వాతి కాలంలో ఎక్కడికి పోయాయో జాడ లేకుండా పోయాయి. వస్తువు పోయాక ఫుట్ మాట ఒక్కటే మిగిలింది. చేతిగొడ్డలి విషయంలో ఆయన్ను తలకెత్తుకున్న పండితులే ఎముకల విషయంలో అనుమానించారు. మనిషి అదే మనిషి, కన్ను అదే కన్ను. చేతిలో పెట్టి చూపించడానికి వస్తువు లేదు, అంతే.

అదే తరంలో ఇంకోరకం క్షేత్రపరిశోధన కూడా ఈ నేల మీద సాగింది. అందులో కొలిచినది మనుషుల్ని. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం అధిపతిగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ పుర్రె వెడల్పు, ముక్కు పొడవు, వెడల్పు కొలిచే పరికరాలు పట్టుకుని మద్రాసు రాజధాని అంతా తిరిగాడు. 1909లో కె. రంగాచారి సహకారంతో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. వాటి పీఠికలో ఆయన స్వయంగా చెప్పుకున్న సంగతులు నా దృష్టిలో ఆ కొలతలన్నిటికన్నా విలువైనవి. కోయంబత్తూరులో, బోయన్ అనే బిరుదు ఉన్న ఒడ్డెలు ఆయన్ను చూసి భయపడ్డారు. అప్పుడే దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం ముగిసింది. చచ్చిపోయిన బోయర్ల స్థానంలో తమను ఓడ ఎక్కించి పంపడానికే ఈ దొర వచ్చాడని వాళ్ళు అనుకున్నారు. ఆయన దిష్టి తగులుతుందని, ఆయన ఊరు విడిచేదాకా క్లబ్బు గదుల కోసం కాల్చాల్సిన ఇటుకల బట్టీకి నిప్పు పెట్టలేదు. కొలత కోసం ముఖాన పెట్టే తెల్లరంగు చుక్క బొబ్బెక్కి అంకెగా మారుతుందని, దాన్ని బట్టి తర్వాత పట్టుకుపోతారని మరికొన్నిచోట్ల జనం బెదిరారు. థర్‌స్టన్ వీటిని వినోదంగా రాశాడు. నాకు వాటిలో వినోదం కనపడదు. పాలకుల మనిషి వచ్చి తల కొలిచి, అంకె రాసుకుపోతే, ఆ అంకె తమ మీదకే తిరిగి వస్తుందని ఊహించడం తెలివితక్కువతనం కాదు. థర్‌స్టన్ మద్రాసు పోలీసులకు శరీర కొలతల మీద పాఠాలు చెప్పినవాడే. ఎరుకలను, యానాదుల్లో కొందరిని నేరస్థ తెగలుగా నమోదు చేసి, హాజరు వేయించి, కట్టడి చేసిన చట్టం 1952లో గానీ పూర్తిగా రద్దు కాలేదు. ఇక్కడ క్షేత్రం మాట్లాడింది, రాసుకున్నవాడికే వినపడలేదు.

మళ్ళీ రాళ్ళ దగ్గరికి. 1930లో బ్రిటన్ పత్రిక ఆంటిక్విటీలో కమ్మియాడ్, బర్కిట్ ఇద్దరి పేరుతో ఆగ్నేయ భారత రాతియుగం మీద ఒక వ్యాసం వచ్చింది. నల్లమల కనుమల్లో, ముఖ్యంగా నందికనుమ ప్రాంతంలో తిరిగి రాళ్ళు ఏరినవాడు కమ్మియాడ్. వాటిని పరీక్షించి వర్గాలు చేసిన మైల్స్ బర్కిట్ కేంబ్రిడ్జి అధ్యాపకుడు. అంతకు కొద్ది ముందే దక్షిణాఫ్రికా రాతియుగం మీద పుస్తకం రాసిన ఆయనకు ఈ రాళ్ళలో ఆఫ్రికా పోలికలు కనిపించాయి. వ్యాసం రాళ్ళను నాలుగు శ్రేణులుగా విడగొట్టింది: చేతిగొడ్డళ్ళు, పెచ్చు పనిముట్లు, బ్లేడ్లు–బ్యూరిన్లు, చివర సూక్ష్మ పనిముట్లు. తడి యుగాలు, పొడి యుగాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయనే వాతావరణ వరుస మీద ఈ శ్రేణుల్ని నిలబెట్టారు. రాయి దొరికిన చోటికీ, రాయికి కాలం నిర్ణయించిన చోటికీ మధ్య ఒక సముద్రం ఉంది. 1935లో డి టెర్రా, పాటర్సన్‌ల బృందం వచ్చినప్పుడూ అదే జరిగింది. కాశ్మీరు, పంజాబు హిమయుగాల లెక్కను కొర్తలయార్ గట్ల మీద పరిచి చూశారు. మంచు ఎన్నడూ ఎరగని మద్రాసు మైదానానికి హిమయుగపు పంచాంగం ఎలా సరిపోతుందన్న సందేహం తర్వాతివాళ్ళకు కలిగింది, అది న్యాయమైన సందేహం. అప్పటికి భారతీయ పరిశోధకులు రంగంలోకి దిగారు. వి.డి. కృష్ణస్వామి మద్రాసు పరిసరాల మీద, కె.వి. సౌందరరాజన్ గిద్దలూరు మీద పనిచేశారు. సౌందరరాజన్ వ్యాసం 1952లో అచ్చయింది.

నాలుగు శ్రేణుల్లో మూడోదాని మీదే తగవు. యూరపులో బ్లేడ్లు, బ్యూరిన్ల యుగమంటే ఎగువ ప్రాచీన శిలాయుగం, నేటి మానవజాతి వచ్చిన యుగం, గుహాచిత్రాల యుగం. అలాంటి దశ భారతదేశంలో లేదని, ఇక్కడ పెచ్చు పనిముట్ల నుంచి నేరుగా సూక్ష్మ పనిముట్లకు వచ్చేశారని చాలామంది నమ్మారు. 1961 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఆసియా పురావస్తు సదస్సు భారత రాతియుగాన్ని ఆఫ్రికా పద్ధతిలో తొలి, మధ్య, మలి దశలుగా మూడు ముక్కలు చేసింది. ఆ విభజనలో బ్లేడు–బ్యూరిన్ దశకు సొంత గూడు లేదు. సదస్సు తీర్మానించిందంటే దానికి బలం ఉంటుంది. విద్యార్థి సిద్ధాంత వ్యాసానికి అధ్యాయాల పేర్లు కూడా దాన్ని బట్టే పడతాయి.

పూనాలోని దక్కన్ కళాశాల నుంచి చిత్తూరు జిల్లా రాతియుగం మీద పరిశోధనకు పూనుకున్న మూర్తి ఆ నేపథ్యంలో రేణిగుంట చుట్టుపక్కల నేలను గాలించారు. ఆయనకు దొరికిన సామగ్రి అక్కడొకటి ఇక్కడొకటి కాదు, ఒక పూర్తి పరిశ్రమ. బ్లేడు అంటే నిడివి వెడల్పుకు కనీసం రెట్టింపు ఉండే సన్నని పెచ్చు. అలాంటి పెచ్చులు వరుసగా లేవాలంటే ముందు మూలరాయిని ఓపిగ్గా తీర్చిదిద్దాలి. కొన్ని బ్లేడ్లకు ఒక అంచును నిలువుగా చెక్కి మొద్దు చేశారు. అలా చేస్తే చెయ్యి తెగదు, కర్రకో ఎముకకో బిగించవచ్చు. బ్యూరిన్ తయారీ ఇంకా నేర్పు అడుగుతుంది. బ్లేడు కొసన, అంచు వెంబడి ఒకే దెబ్బ వేసి సన్నని చీలికను లేపితే ఉలి మొన లాంటి కొస మిగులుతుంది. దానితో ఎముకలో, కొమ్ములో గాడి కొయ్యవచ్చు. ఫ్రాన్సు పనివాడికి చెకుముకి రాయి ఉంది. రేణిగుంట పనివాడు క్వార్ట్జైట్‌తోనే ఈ పని సాధించాడు. మూర్తి రేణిగుంట పరిశ్రమల మీద రాసిన వ్యాసం 1968లో బ్రిటన్‌లోని ప్రాక్చరిత్ర సంఘం పత్రికలో వచ్చింది. అంతకు దాదాపు నలభై ఏళ్ళ ముందు కేంబ్రిడ్జి బల్ల మీద వర్గీకరించిన మూడో శ్రేణికి, ఈసారి నేలను తానే నడిచి చూసినవాడు సాక్ష్యం చెప్పాడు.

బ్యూరిన్ ఉంటే ఎముక పని ఉండాలి గదా! ఆ తర్కం మూర్తిని మళ్ళీ కర్నూలు గుహలకు తీసుకెళ్ళింది. ముచ్చట్ల చింతమాను గవి తవ్వకంలో రాతి బ్లేడ్లతో పాటు ఎముక పనిముట్లు పెద్దసంఖ్యలో దొరికాయి. ఆ ఫలితాలు 1974లో అచ్చయ్యాయి. అదే గవిలో బయటపడ్డ పొయ్యి వయసు ఉష్ణదీప్తి పద్ధతిలో సుమారు 17,000 ఏళ్ళని తేలింది. ఫుట్ చెప్పిన తొంభై ఏళ్ళకు ఆయన మాట నిలబడింది. పోయిన ఎముకలు తిరిగి రాలేదు. వాటి తోబుట్టువులు వచ్చాయి.

మూర్తి అక్కడితో ఆగలేదు. పనిముట్ల వెనక బతుకు ఎలా ఉండేదో తెలియాలంటే ఇవాళ అదే నేల మీద వేటాడి, దుంపలు తవ్వి, తేనె తీసి బతికేవాళ్ళను చూడాలన్నారు. యానాదులు, ఎరుకలు, బోయలు, చెంచుల వంటి సమూహాల జీవనాధారాలను పరిశీలించి 1981లో, 1985లో వరల్డ్ ఆర్కియాలజీ పత్రికలో రాశారు. ఏ రుతువులో ఏ దుంప, ఏ చిన్న జంతువు, ఏ ఉచ్చు అన్న వివరం పురావస్తు గ్రంథాల్లో అంతకుముందు అరుదు. ఎలుకనూ ఉడుమునూ మరిచి పెద్ద జంతువుల వేటనే ఊహించుకునే అలవాటును ఈ పని దెబ్బతీసింది. ఇది ఆయన చేసిన గొప్ప మేలు.

అయినా ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోని కలహారి ఎడారి ప్రజల విషయంలో అది 1980ల్లో ప్రపంచస్థాయి వివాదమే అయింది. సాన్ జనాన్ని ఆదిమ వేటగాళ్ళ నమూనాగా మానవశాస్త్రజ్ఞుడు రిచర్డ్ లీ చూపిస్తే, వాళ్ళు శతాబ్దాలుగా పశుపాలకులతో, వర్తకంతో ముడిపడి, చివరికి పేదరికంలోకి నెట్టబడ్డవాళ్ళని ఎడ్విన్ విల్‌మ్సెన్ 1989లో వాదించాడు. మన యానాదుల సంగతి తీసుకోండి. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట దీవిని 1835లోనే ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుని, అడవి సరుకు సేకరించి తెచ్చే యానాదులకు బదులుగా ధాన్యం ఇచ్చేది. అంటే థర్‌స్టన్ చూసేనాటికే వాళ్ళు రెండు మూడు తరాలుగా సర్కారు అటవీ వ్యాపారంలో భాగం. ఆ తర్వాత నేరస్థ చట్టం, 1969లో రాకెట్ కేంద్రానికి దీవి ఎంపిక. వాళ్ళ తిండిలో దుంపలు ఎక్కువుంటే అది ప్రాచీనతకు గుర్తో, భూమి లేకపోవడానికి గుర్తో తేల్చుకోకుండా రాతియుగానికి అతికించకూడదు. యానాదుల అడవి జ్ఞానం నుంచి నేర్చుకోవాలి. వాళ్ళను గతానికి నమూనాగా నిలబెట్టకూడదు. ఈ రెంటికీ మధ్య గీత సన్ననిది, కానీ ఉంది.

ఎగువ ప్రాచీన శిలాయుగం వాదం ఇప్పటికీ పూర్తిగా సద్దుమణగలేదు. 2005లో జేమ్స్, పెట్రాగ్లియా దక్షిణాసియాకు యూరపు చట్రం నప్పదని, మార్పు ఇక్కడ మెల్లగా జరిగిందని వాదించారు. 2007లో పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరులు ఇప్పటి నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద పొరకు పైనా కిందా ఒకే తరహా పనిముట్లు ఉన్నాయని సైన్స్ పత్రికలో ప్రకటించారు. నేటి మానవుడు టోబాకు ముందే ఇక్కడికి చేరి ఉండవచ్చన్నది వాళ్ళ మాట. 2013లో పాల్ మెల్లార్స్ బృందం దాన్ని తీవ్రంగా ఖండించింది. జ్వాలాపురంలోనే ఒక రాతి ఆవాసంలో సూక్ష్మ పనిముట్లు సుమారు 35,000 ఏళ్ళ నుంచీ ఉన్నాయని 2009లో తేలింది. అంటే బ్లేడు, సూక్ష్మ పనిముట్టు ఒకదాని తర్వాత ఒకటి అన్న పాత వరుస కూడా కదిలింది. అటు అత్తిరంపాక్కం చేతిగొడ్డళ్ళ వయసు దాదాపు 15 లక్షల ఏళ్ళని శాంతి పప్పు బృందం 2011లో చూపించింది. ఫుట్ కలలో కూడా అనుకోని అంకె అది.

జ్వాలాపురంలో ఆ బూడిద పొర అంత స్పష్టంగా కళ్ళబడడానికి ఒక కారణం, ఊరివాళ్ళు దాన్ని తవ్వి అమ్ముకోవడం. గుంతల గోడలు పొరల్ని తెరిచి పెట్టాయి. ఇలాంటి చేతుల గురించి శాస్త్ర చరిత్రకారుడు స్టీవెన్ షేపిన్ 1989లో ఒక వ్యాసం రాశాడు: పదిహేడో శతాబ్దంలో లండన్‌లో రాబర్ట్ బాయిల్ ప్రయోగాలను నిజంగా చేసిన సహాయకుల పేర్లు గ్రంథాల్లో దాదాపు కనిపించవని. మన నేల మీదా అంతే. ఫుట్‌కు గుహల దారి చూపినవాళ్ళు, బిల్లసర్గంలో మట్టి తట్టలు మోసినవాళ్ళు, కమ్మియాడ్ వెంట కనుమలు ఎక్కినవాళ్ళు మనుషులే. వాళ్ళలో ఎవరో ఒకరు దొర కన్నా ముందే ఫలానా రాయి వేరని చూసి ఉంటారు. ఆ చూపు అచ్చులోకి ఎక్కలేదు. రాయికి కాలం చెప్పే హక్కు ఎవరిదన్న ప్రశ్న మొదట లండన్‌కూ మద్రాసుకూ మధ్య, తర్వాత యూరపు పండితుడికీ భారతీయ పండితుడికీ మధ్య తిరిగింది. పండితుడికీ దారి చూపిన ఊరివాడికీ మధ్య దాన్ని ఇంకా ఎవరూ సరిగ్గా అడగలేదని నా అభిప్రాయం.

రేణిగుంట చుట్టూ ఇవాళ విమానాశ్రయం, ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు, ఇళ్ళ స్థలాలు విస్తరిస్తున్నాయి. సత్యవేడు వైపు పారిశ్రామికవాడలు వచ్చాయి. కంకర తవ్వే చోటల్లా వేల ఏళ్ళ పనిముట్లు టిప్పర్లలోకి ఎక్కే అవకాశం ఉంది. 1954 నుంచి తిరుపతిలో ఉన్న శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి మూర్తి నడిచిన స్థలాలను ఇప్పుడు మళ్ళీ నడిచి, ఏది మిగిలింది, ఏది పోయింది అని తెలుగులో ఒక పటం వెయ్యాలి. ఆ పటం మీద, స్థలం చూపించిన ఊరివాళ్ళ పేర్లు వాళ్ళ ఇష్టంతో రాయాలి. మీకు చేనిలోనో వాగులోనో చెక్కినట్టున్న రాయి కనపడితే దాన్ని జేబులో వేసుకుని ఇంటికి తేవద్దు. పడి ఉన్న చోటే ఉంచి, పక్కన ఒక నాణెం పెట్టి ఫోటో తీసి, చోటు గుర్తు రాసుకుని, విశ్వవిద్యాలయానికో పురావస్తు శాఖకో తెలియజెయ్యండి. మీ పేరు కూడా రాయమని అడగండి.